నాలుగు డబ్బాల రైలు

మెట్టుగూడలో, జిరాక్స్ షాపు మీద నా గది.
కింద లామినేషన్ వేడెక్కిన వాసన,
కిటికీ బయట మెట్రో పట్టాలు.

సుప్రజకు ఏడేళ్లు.
ఇంట్లో వసపిట్ట.
గడప దాటితే నోట్లో నువ్వుగింజ నానుతుంది,
నాని నాని మొలకెత్తుతుంది కూడా.
డాక్టరు చీటీలో రెండే ముక్కలు:
మాట ఉంది. భయం దాన్ని పట్టుకుని ఉంది.
వాళ్ల వాడకట్టులో మాత్రం
చిన్నప్పుడు వస పోయలేదా అని ఒకరు,
తాయెత్తు కట్టించమని ఒకరు.
బడిలో అయితే పొగరు.
"ప్రెజెంట్ మిస్" అనలేదని
రెండో బెంచీలో కూర్చున్న పిల్లకి
నెలంతా గైర్హాజరు వేశారట,
ఎర్ర సిరాతో.

ఇదంతా అండాలు చెప్పింది,
కుట్టు మిషను దగ్గర అరపూట కూలి వదులుకుని
మల్లాపూర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చే తల్లి.
"ఇంట్ల కుక్కరు విజిళ్లు గూడ లెక్కవెడ్తది మేడం.
బయటికొస్తే ఏమైతదో."

నా దగ్గరున్నదంతా బల్ల మీద పరిచాను:
సబ్బు బుడగల సీసా, ఈక, స్ట్రాలు,
ఒక కన్ను ఊడిన కోతిబొమ్మ,
సంతోషం నుంచి బెంగ దాకా ఆరు ముఖాల చార్టు,
ఢిల్లీ నుంచి తెప్పించిన రెండొందల కార్డులు.
ఇగ్లూ, స్ట్రాబెర్రీ, మంచుమనిషి.
ఏప్రిల్ ఎండలో ఆ మంచుమనిషిని చూస్తే
నాకే ఏమీ అనాలనిపించదు.

ఐదు వారాలు.
ప్రశ్నలు అడగడం మానేశాను.
ప్రశ్న అంటే ఆ పిల్లకి మళ్లీ హాజరు పిలుపే.
నాలో నేను గొణుక్కుంటూ
ఈక ఎగరేశాను, బుడగలు ఊదాను.
ఆమె చెప్పు పట్టీ తీసింది, పెట్టింది,
పెట్టింది, తీసింది.
ఆ వెల్క్రో చప్పుడొక్కటే
ఆ గదిలో ఆమె అన్న సంగతి.

ఆరో వారం కనిపెట్టాను.
రైలు వెళ్లినప్పుడల్లా
పై పెదవి ఇంతంత కదులుతుంది.
చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలు
బల్ల అంచును ఒక్కోసారి తడతాయి.

తర్వాతి రైలు రాగానే కిటికీ వైపు తిరిగి
గోడతో అన్నట్టు అన్నాను:
"అబ్బ, నాలుగు డబ్బాలు."
వేళ్లు ఆగిపోయాయి.
ఇంకో రైలు. "ఇదీ నాలుగే."
కనుబొమలు ముడిపడ్డాయి.
మూడోసారి నేను "నా" దగ్గరున్నాను,
"మూడు."

బొంగురుగా, విసుగ్గా,
కూరలో ఉప్పు తక్కువైందని ముసలమ్మ అన్నట్టు.
నేను తల తిప్పలేదు, చప్పట్లు కొట్టలేదు.
"అవునా, సరిగ్గా చూళ్లేదు" అన్నాను.
బల్ల కింద చెయ్యి మాత్రం
చీర కుచ్చిళ్లను పిండేస్తోంది.

మెట్ల మీద అండాలు అడిగింది:
"అమ్మ అన్నదా మేడం?"
లేదు, మూడు అంది.
"మూడేంది?"
చెప్పబోయేలోపు సుప్రజ ఆమె కొంగు లాగింది,
బస్సు పోతుందని.

మరుసటి వారం మళ్లీ వెల్క్రో.
ఆ పై వారం రానేలేదు,
మిషను దగ్గర అర్జెంటు ఆర్డరట.
నా రిజిస్టరులో ప్రగతి అన్న గడి
వేలెడు వెడల్పు కూడా లేదు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు.
ఆ సామెతను ఒక్కసారి తిరగేసి
ఆ బడి గోడ మీద రాయించాలని ఉంది.
ఎవరు రాయనిస్తారు.

ఇగ్లూలను అటక ఎక్కించేశాను.
కింద జిరాక్స్ జంగయ్య పక్కన కూర్చుని
కొత్త కార్డులు చేయిస్తున్నాను:
తెల్ల కాకి.
చక్రాలు పైనున్న ఆటో.
కప్పుకంటే పెద్ద ఉస్మానియా బిస్కట్.
ఆరు కాళ్ల మేక.
నాలుగు డబ్బాల రైలు.
ప్లాస్టిక్ మూలలు గుచ్చుకోకుండా
గుండ్రంగా కత్తిరిస్తున్నాడు జంగయ్య,
డబ్బులు తర్వాత చూద్దామంటూ.

"మేకకు నాలుగే గద మేడం,"
ఆగలేక అనేశాడు.

ఆ కార్డును అన్నిటికంటే పైన పెట్టాను.